ఇల్లు అడగడమంటే ఊరు అడగడమే

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు మండలాల సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నుంచి పత్తి ధర, మిర్చి ధర, యూరియా క్యూలైన్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఇళ్ల గురించి మాట్లాడమని సంఘం మాకు చెప్పింది. రైతు సంఘానికి ఇళ్లతో పనేమిటని టీ తాగేటప్పుడు ఒకరిద్దరు అడిగారు. అక్కడినుంచే మొదలుపెడదాం.

రైతుకు ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు. విత్తనం దాచేది ఇంట్లోనే. మేకలు కట్టేది ఇంటి ముందే. రేషన్ కార్డుకు, ఆధార్‌కు, బ్యాంకు పాసు పుస్తకానికి అడ్రసు కావాలంటే ఇల్లుండాలి. ఇల్లు లేని మనిషి పొలంలో ఎన్నేళ్లు చెమటోడ్చినా కాగితం మీద కనపడడు. భూమి సమస్య, ఇంటి సమస్య మన మండలాల్లో ఒకే తాడుకున్న రెండు కొసలు.

రెండేళ్ల కిందట ఒక వలస గూడెంలో గుడిసెలు తీసేశారని తెలిసి మేం వెళ్లాం. వెదురు తడికలు ఒకపక్క, తాటాకు ఒకపక్క పడున్నాయి. ఒక అమ్మ ఆ కుప్పలో దేనికోసమో వెతుకుతోంది. బియ్యం కోసమేమో అనుకుని, మేం తెచ్చిన బియ్యం సంచి ఇవ్వబోయాం. ఆమె బియ్యం తర్వాత చూద్దామంది. మొక్కజొన్న విత్తనం మూట కోసం వెతుకుతున్నానంది. గుడిసె నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది, విత్తనం తడిస్తే ఏడాది పోతుందంది. రైతు సంఘం ఇళ్ల పని ఎందుకు చేయాలో ఆ మాటతో మాకు అర్థమైంది.

రెండు రకాల కుటుంబాలు

ఇళ్ల పని మొదలుపెట్టేటప్పుడు కుటుంబాలను రెండుగా చూసుకోవాలి. ఇల్లు లేనివాళ్లు కొందరు. ఇవాళ ఇల్లున్నా రేపు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్లు ఇంకొందరు. రెండో రకం వాళ్లను మనం తరచూ మర్చిపోతాం. గుడిసె కూలాక పరుగెత్తుతాం, కూలకముందు వెళ్లం.

ఈ విషయంలో బయటి దేశం అనుభవం ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలో యుద్ధాలకు వెళ్లొచ్చిన సైనికులు వేలమంది ఇళ్లు లేక రోడ్లమీద పడ్డారు. అంత డబ్బున్న దేశంలో 2010 నాటికి ఒక రాత్రి లెక్క తీస్తే అలాంటివాళ్లు 70 వేలు దాటారు. ఆ తర్వాత అక్కడ పద్ధతి మార్చారు. ముందు తాగుడు మాను, ముందు ఉద్యోగం చూసుకో, అప్పుడు ఇల్లిస్తాం అనడం తగ్గించారు. ముందు తలుపున్న గది ఇచ్చి, మిగతావి తర్వాత చూశారు. అద్దె కట్టలేక బయటపడబోతున్న కుటుంబాలకు ఆ రెండు మూడు నెలల అద్దె ముందే సర్దారు. 2024 లెక్కకు వచ్చేసరికి ఆ సంఖ్య సగం కంటే తగ్గి 33 వేల దగ్గరికి వచ్చింది. అమెరికాలో మిగతా జనంలో ఇళ్లు లేనివాళ్లు పెరుగుతూ ఉన్న కాలంలోనే సైనిక కుటుంబాల్లో తగ్గారు. కారణం ఒకటే. వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక ఆఫీసు, ఒక పేర్ల జాబితా, ఒక బడ్జెట్ పెట్టారు.

మన దేశంలోనూ మాజీ సైనికులకు పైన కేంద్రీయ సైనిక్ బోర్డు, కింద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నాయి. పింఛను రాని వృద్ధ సైనికుడికి, సైనికుడి వితంతువుకు సాయం అడగడానికి ఒక గుమ్మం ఉంది. అది చాలినంత అని మేం అనడం లేదు. మన ఊళ్లలో అలాంటి కుటుంబం కనిపిస్తే ఆ గుమ్మం దాకా తీసుకెళ్లడం కూడా మన పనే. కేంద్ర బలగాల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఆ బోర్డు కిందికి రారు. వాళ్లకు వేరే దారి ఉంటుంది, అదీ కనుక్కుని చెప్పాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. యుద్ధంలో తుపాకీ పట్టినవాడికి ఒక ఆఫీసు ఉంది. లొంగిపోయి తుపాకీ దించినవాడికి పునరావాస పథకం ఉంది. ఏ తుపాకీ పట్టకుండా, రెండు తుపాకుల మధ్య నలిగి, పిల్లల్ని చంకనేసుకుని అడవి దాటి వచ్చిన రైతు కుటుంబానికి ఏ ఆఫీసు ఉంది? చర్ల, దుమ్ముగూడెం నుంచి ములకలపల్లి, చండ్రుగొండ దాకా మన చుట్టూ ఉన్న వలస గూడేల ప్రశ్న ఇదే.

ఎందుకు వచ్చారు

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి వెళ్తే ఒకరు శత్రువంటారు, వెళ్లకపోతే ఇంకొకరు శత్రువంటారు. రెండూ వద్దనుకున్న మురియా, దోర్ల కుటుంబాలు తాలిపేరు, శబరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. మనం వాళ్లను గొత్తికోయలన్నాం. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా పెట్టి ఈ యుద్ధంలోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది కానీ కాలిపోయిన ఊళ్లు తిరిగి రాలేదు.

అప్పుడు చంకలో వచ్చిన పిల్లలకు ఇవాళ ఇరవై ఏళ్లు దాటాయి. ఇక్కడే పుట్టినవాళ్లకు పెళ్లిళ్లు అవుతున్నాయి. మన మిర్చి తోటల్లో కాయ కోసేది వాళ్లే, పత్తి తీసేది వాళ్లే. సీజన్లో ట్రాక్టర్ పంపి పిలిపించుకుంటాం. సీజన్ అయిపోయాక వాళ్లెవరో తెలియదంటాం.

మావోయిస్టు సమస్యను 2026 మార్చి 31 నాటికి ముగిస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. యుద్ధం ముగిసిందని ప్రకటించే రోజున ఈ కుటుంబాలను ఏం చేస్తారన్న మాట కూడా వినిపించాలి. తిరిగి వెళ్లదలచినవాళ్లకు అక్కడ భూమి, భద్రత చూపించాలి. ఉండదలచినవాళ్లకు ఇక్కడ దారి చూపించాలి. లారీ ఎక్కించి సరిహద్దు దాటించడాన్ని మనం పునరావాసం అని ఒప్పుకోకూడదు.

ఇది చేయలేని పని కాదు. మిజోరం నుంచి 1997లో గొడవలకు భయపడి త్రిపురకు వచ్చిన బ్రూ తెగ వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లో ఉన్నారు. 2020 జనవరి 16న కేంద్రం, ఆ రెండు రాష్ట్రాలు, బ్రూ సంఘాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. త్రిపురలోనే కుటుంబానికి 1,200 చదరపు అడుగుల స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్. రాష్ట్రం దాటి వచ్చినవాళ్లను వచ్చినచోటే స్థిరపరచిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఈశాన్యంలో చెల్లిన న్యాయం గోదావరి ఒడ్డున ఎందుకు చెల్లదు?

మనలో ఉన్న అభ్యంతరం

ఈ మాటలు అంటుంటే వెనక కూర్చున్నవాళ్లలో కొందరి ముఖాలు మాకు కనిపిస్తున్నాయి. దాచుకోవడం అనవసరం. మన సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. వాళ్లు అడవి కొడతారు, ఫారెస్టోళ్లు వచ్చి మన పోడు మీద కందకం తవ్వుతారు అని స్థానిక కోయ రైతులంటున్నారు. మన పిల్లల రిజర్వేషన్లో వాటా పోతుందని భయపడుతున్నారు. ఆ భయాన్ని వెక్కిరించకూడదు. దశాబ్దాల పోడు పోరాటంలో లాఠీలు తిన్నవాళ్ల భయం అది.

కానీ లెక్క సరిగా చూడాలి. ఒక రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో రాష్ట్రంలో షెడ్యూల్డు తెగ హోదా దానంతటదే రాదు. గొత్తికోయ అన్న పేరు తెలంగాణ జాబితాలో లేదు. ఇల్లు, రేషన్, నీళ్లు, బడి ఇవ్వడానికి ఆ హోదా అక్కర్లేదు. పిల్లకు అంగన్‌వాడీ గుడ్డు ఇవ్వడానికి కులపత్రం ఎవరూ అడగకూడదు. రిజర్వేషన్ సంగతి వేరు, మనిషి బతికే సంగతి వేరు. రెండూ కలిపి మాట్లాడితే రెండూ చెడతాయి.

ఇంకొకటి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో విధుల్లో ఉన్న ఫారెస్టు రేంజ్ అధికారిని నరికి చంపారు. ఆ హత్యను మన సంఘం ఖండించింది, ఇవాళా ఖండిస్తోంది. తప్పు చేసినవాళ్లకు కోర్టు శిక్ష వేయాలి. అయితే ఆ తర్వాత గొత్తికోయలందర్నీ వెళ్లగొట్టాలన్న మాట ఊళ్లలో లేచింది, పంచాయతీ తీర్మానం దాకా వెళ్లింది. ఒకడు చేసిన నేరానికి గూడెం మొత్తాన్ని బాధ్యుల్ని చేస్తే, రేపు మన ఊళ్లో ఒకడు తప్పు చేస్తే మన ఊరికీ అదే న్యాయం వర్తిస్తుంది. ఇది గుర్తుపెట్టుకుని మాట్లాడాలి.

కొత్తగా అడవి కొట్టొద్దని వలస గూడేలకు మనం నిక్కచ్చిగా చెప్పాలి. చెప్పే హక్కు మనకు ఎప్పుడొస్తుంది? వాళ్ల పక్కన నిలబడినప్పుడు వస్తుంది. స్థిరమైన చోటు, నీళ్లు, ఉపాధి హామీ పని ఉన్న గూడెం ఏటా కొత్త చోటు కొట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఒకచోట ఖాళీ చేయిస్తే ఇంకోచోట అడవి కొడతారు. అడవి తగ్గడానికి ఖాళీ చేయించడమే ఒక కారణమని అధికారులకు కూడా చెప్పాలి.

చట్టంలో మన చేతికి అందేది

అటవీ హక్కుల చట్టం గడువు తేదీ 2005 డిసెంబరు 13. అందరికీ కంఠస్థమే. కానీ మూడు సంగతులు మనం సరిగా వాడుకోవడం లేదు.

మొదటిది. ఆ చట్టం సాగుకే కాదు, నివాసానికీ హక్కు ఇస్తుంది. 2023 జూన్ 30 నుంచి రాష్ట్రంలో పోడు పట్టాలు పంచారు, మన జిల్లాకే ఎక్కువ వచ్చాయి. చాలామంది పొలం మాత్రమే కొలిపించుకున్నారు. గుడిసె ఉన్న చోటు వదిలేశారు. ఇప్పుడు ఇల్లు మంజూరైనా స్థలం అడవిదంటున్నారు. ఇకమీద దరఖాస్తు పెట్టేవాళ్లు ఇంటి స్థలం కూడా రాయాలి.

రెండోది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉంటున్న అర్హుడిని ఖాళీ చేయించకూడదని 4వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ చెబుతోంది. దరఖాస్తు రసీదు లేని కుటుంబం తరఫున మనం ఏం వాదించగలం? రసీదే మొదటి గోడ.

మూడోది. 2005 డిసెంబరు 13కు ముందు చట్టవిరుద్ధంగా నిర్వాసితులైనవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం పొందే హక్కును 3వ సెక్షన్ 1(ఎం) ఇస్తోంది. సల్వాజుడుం మొదలైన జూన్‌కు, ఈ తేదీకి మధ్య ఊరు వదిలిన కుటుంబాలకు ఇది సూటిగా ఉపయోగపడుతుంది. తర్వాత వచ్చినవాళ్లకు దీనితో పని కాదు, వాళ్లకు బ్రూ ఒప్పందం లాంటి రాజకీయ పరిష్కారమే దారి. అందుకే ఏ కుటుంబం ఏ నెలలో, ఏ ఊరు నుంచి వచ్చిందో రాసిపెట్టడం అంత ముఖ్యం.

ఇళ్ల పథకం, మేం చేసిన తప్పు

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి 2024 మార్చి 11న మన భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షలు. మొదట చెప్పిన లెక్క ప్రకారం పునాదికి లక్ష, గోడలు పైకప్పు దాకా లేస్తే లక్ష, స్లాబుకు రెండు లక్షలు, పూర్తయ్యాక లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు.

పథకం రాగానే మేం ఉత్సాహపడ్డాం. గూడేలు తిరిగి దరఖాస్తులు నింపాం. ఒక గూడెంలో మూడు కుటుంబాలకు మంజూరైంది. దండలేసుకుని ముగ్గు పోశాం. పునాది తవ్వేరోజు స్థలం రిజర్వు ఫారెస్టులో ఉందని పని ఆపేశారు. అప్పటికే ఇద్దరు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కంకర దింపించుకున్నారు. ఆ కంకర ఇంకా అక్కడే ఉంది, మీద గడ్డి మొలిచింది. ఆ తప్పు ఆఫీసులది కాదు, ఆ కుటుంబాలదీ కాదు. స్థలం మ్యాపు చూడకుండా దరఖాస్తు రాసిన మాది.

ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాం. పునాది వేశాకే మొదటి లక్ష వస్తుంది. కూలీ చేసుకునే కుటుంబానికి ఆ మొదటి డబ్బు ఎక్కడిది? ఇసుక ఉచితమన్నా ట్రాక్టర్ కిరాయి ఉచితం కాదు. వడ్డీ వ్యాపారి ఇక్కడే దూరతాడు. అందుకని తర్వాతి గూడెంలో ఐదు కుటుంబాలను ఒక జట్టు చేశాం. వారానికి ఒక పునాది చొప్పున ఐదుగురూ కలిసి తవ్వారు. మన నాట్ల బదులు పనిలాగే. ఒక ట్రాక్టరు ఐదు ఇళ్లకూ తోలింది. అప్పు పూర్తిగా తప్పలేదు కానీ సగానికి తగ్గింది.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు కొండరెడ్ల కుటుంబాలకు ఇంకో దారి ఉంది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద వాళ్లలాంటి తెగలకు ప్రత్యేకంగా ఇళ్లు, రోడ్లు, నీళ్లు ఇవ్వాలి. ఏ కుటుంబం ఏ పథకం కిందికి వస్తుందో చూసుకుని రాయాలి. ఒకే కాగితం అందరికీ పనికిరాదు.

నది పక్కనున్నవాళ్లు

ప్రమాదం అడవి వైపు నుంచే రాదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టూ ఊళ్లు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక, ఎత్తులో ఇంటి స్థలం దొరకడం గగనమైంది. 2022 వరద తర్వాత శాశ్వత కాలనీ కడతామని ప్రకటన చేశారు. దాన్ని గుర్తుచేస్తూ ఉండటం మన పని. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల ఒడ్డు గ్రామాల్లో ఏ ఇల్లు ఎన్ని అడుగులకు మునుగుతుందో ఊరివాళ్లకు తెలుసు. వానాకాలం రాకముందే ఆ లెక్క కాగితం మీద పెట్టి కలెక్టర్‌కు ఇవ్వాలి.

ఇకనుంచి చేయాల్సింది

అనుభవంలోంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ప్రతి మండల కమిటీ వీటిని పాటించాలని కోరుతున్నాం.

ఒకటి, గూడేనికి ఒక రిజిస్టరు. కుటుంబం, వచ్చిన ఊరు, వచ్చిన నెల, పిల్లలు, ఆధార్, రేషన్, ఉపాధి కార్డు ఉన్నాయా లేదా. ఆ రిజిస్టరు గూడెంలోనే ఉండాలి, నకలు మనదగ్గర ఉండాలి. గూడెం అనుమతి లేకుండా ఆ పేర్లు ఎవరికీ ఇవ్వొద్దు. పేరు బయటపడితే ప్రాణం మీదికి వచ్చే కుటుంబాలున్నాయి.

రెండు, దరఖాస్తుకు ముందు స్థలం. సర్వే నంబరా, అటవీ కంపార్టుమెంటా తేల్చుకున్నాకే కాగితం రాయాలి.

మూడు, ఇంటి పేరు ఆడమనిషి మీద ఉండాలి. మగవాడు కూలికి పోయినా, పోలీసు పిలిచినా, ఇల్లు నిలబెట్టేది ఆమే.

నాలుగు, ఒక్క రూపాయి తీసుకోవద్దు. ఇళ్ల పనిలో టీ డబ్బులు తీసుకున్న కార్యకర్త మన కార్యకర్త కాదు.

ఐదు, గుడిసెకు ప్రమాదం ఉందని తెలిసిన రోజే వెళ్లాలి. నోటీసు ఉందా, గ్రామసభ జరిగిందా, ప్రత్యామ్నాయం చూపారా అని రాతపూర్వకంగా అడగాలి. వానల్లో, పిల్లలకు జ్వరాలున్న సమయంలో ఖాళీ చేయించవద్దని అడగడానికి చట్టం పుస్తకం కూడా అక్కర్లేదు. మాట మర్యాదగా ఉండాలి. అడవి కాపలా ఉద్యోగి కూడా మనలాంటి ఇంటినుంచే వచ్చాడు.

ఆరు, స్థానిక కోయ పెద్దలు, వలస గూడెం పెద్దలు ఒకే చాప మీద కూర్చునేలా సమావేశం పెట్టాలి. కొత్తగా అడవి కొట్టకూడదన్న మాట, ఖాళీ చేయిస్తే కలిసి నిలబడతామన్న మాట, రెండూ ఆ చాప మీదే అనుకోవాలి. ఇది జరగకపోతే మిగతా ఐదూ నిలబడవు.

మిత్రులారా, ఇంటికి నాలుగు గోడలు చాలవు. నీళ్లకు బోరు, పిల్లలకు బడి, నడవడానికి దారి, పేరు పెట్టి పిలిచే పొరుగు కావాలి. అవన్నీ ఉంటే దాన్ని ఊరంటాం. అందుకే ఇల్లు అడిగేటప్పుడు మనం ఊరే అడుగుతున్నాం. చాలా గూడేలకు ఇవాళ పేరు కూడా లేదు. వాగు పేరో, గుట్ట పేరో చెప్పి పిలుస్తున్నాం.

ఆ అమ్మకు విత్తనం మూట ఆ రోజు దొరికింది. సగం తడిసింది, సగం మొలిచింది. ఈసారి ఆమె గూడెం రిజిస్టరు మొదటి పేజీలో ఆమె పేరే ఉంది. ఇంటి స్థలం ఎదురుగా ఉన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే తరగతికి మనం కలిసేలోపు మీ మండలాల్లో అలాంటి గడులు ఎన్ని నిండాయో చెప్పడానికి సిద్ధమై రండి.